అమ్ముకున్న రివాల్వర్ కోసం: ఒక మోడల్ 19 ప్రాజెక్టు డైరీ

జనవరి 13, 2024, శనివారం

కొత్తొక వింత, పాతొక రోత. చిన్నప్పుడు కాపీ పుస్తకంలో ఈ సామెతను కనీసం ఇరవైసార్లు రాసుంటాను. 2018లో మాత్రం గుర్తుకు రాలేదు.

సంగతి ఇది. 2012లో టెక్సస్‌లోని ప్లేనోలో మా పక్కింటి పెద్దాయన దగ్గర ఒక స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19 రివాల్వర్ కొన్నాను. నాలుగంగుళాల బ్యారెల్, .357 మాగ్నమ్ గుండ్లు కాల్చేది, నలుపులోంచి నీలం తొంగిచూసే ఉక్కు, ముదురు తేనెరంగు చెక్క పిడి. 350 డాలర్లు. 2018లో 550కి అమ్మేశాను. ఇప్పుడు దాన్ని వెతుకుతున్నాను. ఎంతైనా పెడతాను అనేంత ధైర్యం లేదు, ఇంట్లో ఆర్థిక మంత్రి ఉంది. వెయ్యి దాటకూడదని ఒప్పందం.

మాది తెనాలి. మా ఊళ్లో నాకు తెలిసిన తుపాకులు రెండే రకాలు. దీపావళికి రీలు చుట్టి టపటపలాడించే రేకు తుపాకీ ఒకటి, బ్యాంకు గుమ్మం దగ్గర స్టూలు మీద కునుకు తీసే వాచ్‌మన్ ఒళ్లోని డబుల్ బ్యారెల్ ఒకటి. టెక్సస్‌కొచ్చాక కూడా హెచ్1బి మీద ఉన్నన్నాళ్లూ ఆ జోలికి పోలేదు. ఆ వీసా మీద ఉన్నవాళ్ల చేతిలో తుపాకీ ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సులాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. వీకెండు సరదాకి షూటింగ్ రేంజికెళ్లి అద్దె పిస్తోలు పట్టుకుని ఫొటో దిగే కుర్రాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు. నాకు గ్రీన్ కార్డు వచ్చింది 2011లో. ఆ మరుసటి ఏడాది పెద్దాయన తన గ్యారేజీలో చెక్క పెట్టె తెరిచి చూపించాడు.

ఆయన టెలిఫోన్ కంపెనీలో స్తంభాలెక్కి రిటైరైన మనిషి. అమ్మాడు కానీ వెంటనే కాల్చనివ్వలేదు. నెలరోజులు డమ్మీ గుండ్లు వేసి, బ్యారెల్ మీద ఒక పది సెంట్ల బిళ్ల నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ చివరిదాకా లాగమనేవాడు. మొదటి వారం గ్యారేజీ నేలంతా బిళ్ల వెతుక్కోవడంతోనే సరిపోయింది. నాలుగో వారానికి బిళ్ల కదలడం మానేసింది. అప్పుడు రేంజికి తీసుకెళ్లాడు.

మరి ఎందుకమ్మానంటే, గ్లాక్ 19 కొనడానికి. ఆఫీసులో అందరి దగ్గరా అదే. ప్లాస్టిక్ ఫ్రేము, పదిహేను గుండ్లు, తుప్పు భయం తక్కువ. ఆరు గుండ్ల పాత ఇనుమెందుకు అనిపించింది. ఎవరైనా అడిగితే మాత్రం "బాబు పాకుతున్నాడు, మా ఆవిడ ఇంట్లో వద్దంది" అని చెప్పుకుంటూ వచ్చాను. ఆవిడ చెవిన పడింది. "నేను ఇనప్పెట్టె కొనమన్నానండీ. ఉన్నదమ్మి ఇంకోటి కొనమన్నానా?" నిజమే. గ్లాక్ కొన్నాకే ఇనప్పెట్టె కూడా కొన్నాం.

2023 సెప్టెంబరులో పెద్దాయన పోయాడు. నవంబరులో ఆయన కూతురు ఇల్లు ఖాళీ చేయడానికొచ్చింది. గ్యారేజ్ సేల్‌లో పాత రెంచీల పెట్టె తిరగేస్తుంటే నా పక్కన నిలబడి, "నాన్న రివాల్వర్ నీ దగ్గరే ఉంది కదా" అంది.

"ఉంది" అన్నాను.

ఎందుకన్నానో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ మొహంలో అదోలాంటి నెమ్మది కనపడింది. "ఒకసారి కాలుస్తాను, వసంతంలో మళ్లీ వస్తాను" అని వెళ్లిపోయింది. అదీ ఈ ప్రాజెక్టుకు డెడ్‌లైను.

జనవరి 15, సంక్రాంతి

బయట ఎముకలు కొరికే చలి. మా ఆవిడ అరిసెలు వత్తుతుంటే నేను ఫైలు పెట్టెలు తిరగేశాను. 2018 నాటి అమ్మకం కాగితం దొరికింది.

టెక్సస్‌లో ఒకే రాష్ట్రం వాళ్లిద్దరు సొంతంగా అమ్ముకుంటే కాగితం రాసుకోవాలన్న నియమమేమీ లేదు. నేను రాయించుకున్నాను, పోయిన తుపాకీ ఎక్కడ తేలుతుందోనన్న మధ్యతరగతి భయంతో. సీరియల్ నంబరు, సంతకం, ఫోన్ నంబరు. జీవితంలో నేను చేసిన కొద్ది మంచి పనుల్లో ఇదొకటి.

ఆ నంబరు ఇంకా పనిచేస్తోంది. మనిషి ఇప్పుడు ఓక్లహోమాలో, టల్సాలో ఉన్నాడు. రివాల్వర్ ఉందా అంటే ఉందన్నాడు. అమ్ముతావా అంటే కాసేపు ఊరుకున్నాడు. అతను ధర లెక్కపెడుతున్నాడని ఆ నిశ్శబ్దంలోనే అర్థమైంది. తొమ్మిది వందలు. అడ్డికి పావుసేరు లెక్కన ఇచ్చి ఇప్పుడు బేరమాడే మొహం నాకెక్కడిది?

"ట్రిగ్గర్ బాగా తేలిక చేశాను, సూపర్‌గా ఉంటుంది" అన్నాడు. వెంటనే, "ఒక్కోసారి పేలదనుకో, గుండ్లు మంచివి వాడాలి" అన్నాడు. ఈ రెండు వాక్యాలకూ సంబంధముందని అతనికి తట్టలేదు. నాకు అప్పుడే తట్టింది. పిడి చెక్కల సంగతి అడిగితే, "అవా? రబ్బరువి వేశాను. పాతవి ఇల్లు మారేటప్పుడు ఎక్కడో పోయాయి" అన్నాడు.

ఎడమ చెక్క కింది మూలన చిన్న పెచ్చు లేచి ఉండేది. పెద్దాయన పికప్ వెనక తలుపు మీంచి ఎప్పుడో పడిందట. నా వేలు దాని మీదే ఆగేది.

జనవరి 27

ఈవారం పనంతా కాగితాల మీదే. రాష్ట్రం దాటితే సొంత అమ్మకం కుదరదు. హ్యాండ్‌గన్ నా రాష్ట్రంలోని లైసెన్సు డీలరు ద్వారానే నా చేతికి రావాలి. అతను టల్సాలో ఒక డీలరుకిస్తే, ఆ డీలరు ఇక్కడి డీలరుకు పంపాడు. ఇక్కడ నేను 4473 ఫారం, అంటే తుపాకీ తీసుకునేవాడి వివరాల ఫారం, నింపాలి. ఎఫ్‌బీఐ వాళ్ల కంప్యూటరు నా పేరు వెతికి "ప్రొసీడ్" అనాలి.

అనలేదు. "డిలేడ్" అంది.

కౌంటరు కుర్రాడు ఏదో నేరస్థుణ్ణి చూసినట్టు చూశాడు. మనకిది కొత్తా? ఇంటిపేరు ముందా వెనకా, మధ్య పేరు అనేది ఉందా లేదా, డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా, పాత కాగితాల్లో ఇంకోలా. అమెరికాలో నా పేరును నాలుగు రకాలుగా ముక్కలు చేసి రాసుకున్నారు. నాలుగో ముక్క ఎవరిదో ఆ కంప్యూటరుకు తేలాలి కదా. మూడు పనిదినాలు దాటినా వాళ్లు కాదనకపోతే డీలరు ఇవ్వొచ్చు. అంత అవసరం పడలేదు, మంగళవారానికే క్లియరైంది.

ఈ తిరుగుడులో తెలుసుకున్నది ఒకటుంది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న తుపాకులు చట్టం దృష్టిలో "క్యూరియో అండ్ రెలిక్" అనే పాత అపురూప వస్తువుల కోవలోకి వస్తాయి. వాటి సేకరణకు వేరే లైసెన్సుంది, మూడేళ్లకు ముప్పై డాలర్లు. అదుంటే ఇది నేరుగా మా ఇంటి గుమ్మానికే వచ్చేది. దరఖాస్తు ఫారం దింపి పెట్టుకున్నాను. ఆర్థిక మంత్రికి ఇంకా చెప్పలేదు.

ఫిబ్రవరి 3

గూటికి చేరింది.

బల్ల మీద పాత టవల్ పరిచాను. గుండ్లు వేరే గదిలో, తాళం వేసి. సిలిండర్ తెరిచి ఆరు గదులూ కంటితో చూసి, వేలితో తడిమి, అప్పుడు మొదలుపెట్టాను. ఇది పెద్దాయన పద్ధతి.

ముందు బాధ పెట్టినవి. రబ్బరు పిడి తీస్తే దాని కింద ఫ్రేము అంతా గోధుమరంగు తుప్పు. రబ్బరు చెమటను పట్టి ఉంచుతుంది, గాలి తగలనివ్వదు. సైడ్ ప్లేటు, అంటే పక్క మూత, దాని మరల గాడులు నలిగి ఉన్నాయి. ఎవరో ఇంట్లో ఫ్యాను బిగించే స్క్రూడ్రైవరు వాడారు. బ్యారెల్ కుడి పక్కన హోల్‌స్టర్, అంటే ఒర, రాసుకుని పడ్డ గీతలు. అవి పాతవే, పెద్దాయనవి, వాటితో నాకు పేచీ లేదు.

తర్వాత భయపడుతూ చూసింది ఫోర్సింగ్ కోన్. అంటే బ్యారెల్ వెనక కొస, సిలిండర్‌లోంచి గుండు దూకేచోట ఉండే గరాటు. ఈ సైజు ఫ్రేములో .357 ఇరికించడానికి కంపెనీవాళ్లు బ్యారెల్ కొసను కింది వైపు కొంచెం చదును చేయాల్సి వచ్చింది. అక్కడ లోహం పలచన. తేలికపాటి, 125 గ్రెయిన్ల బరువున్న మాగ్నమ్ గుండ్లు ఎడాపెడా కాలిస్తే సరిగ్గా అక్కడే చీలుతుందని పేరు పడింది. పోలీసులు ప్రాక్టీసుకు కూడా మాగ్నమ్‌లే వాడటం మొదలుపెట్టాక ఈ గోల పెరిగింది. ఇంతకన్నా బరువైన ఎల్ ఫ్రేము 1980 దశకం మొదట్లో వచ్చింది అందుకే. అసలు ఈ మోడల్ 1955లో, బోర్డర్ పెట్రోల్‌లో పనిచేసిన బిల్ జోర్డన్ సలహాతో పుట్టింది. రోజంతా నడుముకు మోసుకు తిరిగేవాడికి తేలిగ్గా ఉండాలి, అవసరం పడ్డ రోజు గట్టిగా ఉండాలి. ప్రాక్టీసంతా ఇందులోనే పట్టే, దెబ్బ తక్కువుండే .38 స్పెషల్ గుండ్లతోనే. పెద్దాయన చెప్పే పద్ధతిని మన లెక్కలో చెప్పాలంటే, రోజూ పప్పన్నం, పండక్కే బూరెలు.

టార్చి, భూతద్దం పట్టుకుని ఇరవై నిమిషాలు చూశాను. సీసం పేరుకుంది, మసి పట్టింది. చీలిక లేదు. కుర్చీలో వెనక్కి వాలి కాఫీ అడిగాను.

మిగతావి చకచకా. బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య సందు అంగుళంలో వెయ్యింట ఆరు వంతులు, బాగుంది. తెనాలిలో బుల్లెట్ మోటార్‌సైకిల్ మెకానిక్ పాయింట్ల గ్యాప్ చూసే ఫీలర్ గేజే ఇక్కడా పనికొచ్చింది. సిలిండర్ ముందుకూ వెనక్కూ ఆడటం వెయ్యింట రెండు. హ్యామర్ (గుండును పేల్చే సుత్తి) నెమ్మదిగా లాగుతూ టైమింగ్, అంటే ప్రతి గదీ సమయానికి బ్యారెల్‌కు ఎదురుగా లాక్ అవుతోందా అని, చూస్తే ఒక గది దగ్గర సిలిండర్ ఆలస్యంగా లాక్ అయింది. డమ్మీ గుండ్లు వేసి చూస్తే ఆ గది కూడా సమయానికే లాక్ అయింది. ఖాళీ సిలిండర్‌తో ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన గుండ్ల గొట్టాలను బయటికి నెట్టేది) కాస్త ఆడుతుంది, గుండ్లుంటే బిగుసుకుంటుంది. సరే.

సిలిండర్ తెరిస్తే ఫ్రేము మీద కనపడే ముద్ర: 19-3. ఆ "మూడు" రకం మొదలైంది 1967లో. సైన్యం నుంచి తిరిగొచ్చిన ఏడాది, 1966లో, మొదటి జీతంతో కొన్నానని పెద్దాయన నాకు కనీసం పదిసార్లు చెప్పాడు.

ఊఁ.

ఫిబ్రవరి 10

ఈరోజు లోపల చూశాను. ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది.

హాలో గ్రౌండ్ బిట్లు కొన్నాను, అంటే అంచులు ఏటవాలుగా కాక సమానమైన మందంతో ఉండేవి. మర గాడిలో నిండుగా కూర్చుంటాయి, జారవు. సైడ్ ప్లేటుకు మూడు మరలు. చూడటానికి ఒకలాగే ఉంటాయి కానీ ముందుది సిలిండర్ మోసే యోక్‌ను పట్టుకుని ఉంటుంది, దాని కొన దానికి తగ్గట్టు సరిపెట్టింది. వేరేచోట బిగిస్తే పాడవుతుంది. గుడ్ల ట్రే అట్టముక్క మీద ఏ గుంటలో ఏ మరో రాసి పెట్టుకున్నాను.

ప్లేటును ఎత్తకూడదు. స్క్రూడ్రైవరు దూర్చి పైకి లేపితే అంచు వంగిపోతుంది, ఆ సందు జన్మలో పూడదు. రివాల్వర్‌ను పక్కకు తిప్పి పట్టుకుని, పిడి ఫ్రేము మీద చెక్కపిడితో తట్టాలి. ఆ అదురుకు ప్లేటు దానంతటదే లేస్తుంది. ఏడో దెబ్బకు లేచింది.

లోపల చూసి ఒక నిమిషం ఏమీ ముట్టుకోలేదు. హ్యామర్ బ్లాక్ లేదు.

బంగారు గొలుసు కొక్కెంలా సన్నగా, పొడుగ్గా, ఒక కొన మడిచి ఉండే ఉక్కు రేకు అది. ట్రిగ్గర్ వదిలి ఉన్నంతసేపూ హ్యామర్‌కూ ఫ్రేముకూ మధ్య అడ్డంగా నిలబడుతుంది. ట్రిగ్గర్ పూర్తిగా లాగితేనే తప్పుకుంటుంది. ఈ ముక్క వెనక ఒక మరణం ఉంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1944లో, నౌకాదళంవాళ్ల విక్టరీ మోడల్ అనే ఇదే కంపెనీ రివాల్వర్ ఒకటి ఓడ ఉక్కు డెక్కు మీద పడి పేలి ఒక నావికుడు చనిపోయాడు. అప్పటిదాకా వాడిన ఏర్పాటును మార్చి కంపెనీ హడావుడిగా ఈ రకం పెట్టింది. అలా మార్చిన వాటి సీరియల్‌లో వి పక్కన ఎస్ చేర్చారు. అప్పట్నించీ ఇదే పద్ధతి.

టల్సా మనిషి ట్రిగ్గర్ తేలిక చేసే ఉత్సాహంలో విప్పి, మళ్లీ బిగించేటప్పుడు దీన్ని మరిచిపోయి ఉంటాడు. లేకపోతే ప్లేటు సరిగ్గా కూర్చోలేదని పక్కన పడేసి ఉంటాడు. రీబౌండ్ స్లయిడ్ (ట్రిగ్గర్‌ను మళ్లీ ముందుకు తోసే ముక్క) కూడా హ్యామర్‌ను ఆపుతుంది కాబట్టి వెంటనే ప్రమాదమని కాదు. కానీ రెండు తాళాలున్న తలుపుకు ఒకటి ఊడదీసి ఆరేళ్లు నిద్రపోయినట్టు. అతని మీద కోపం రాలేదు. అమ్మింది నేనే కదా.

పేలకపోవడానికి కారణం అనుకున్నచోటే దొరికింది. పిడి ముందు వైపున స్ట్రెయిన్ స్క్రూ అని ఒకటుంటుంది, మెయిన్ స్ప్రింగ్‌ను వంచి పెట్టేది అదే. అది చివరిదాకా బిగిసి ఉండాలి. దాన్ని వదులు చేసి ట్రిగ్గర్ తేలికైందని మురిసిపోవడం రివాల్వర్ లోకంలో పాత రోగం. ఇతను ఇంకో అడుగు ముందుకేసి కొనను ఆకురాయితో రాకి పొట్టి చేశాడు. డబుల్ యాక్షన్ లాగుడు, అంటే హ్యామర్‌ను ముందే ఎత్తకుండా ట్రిగ్గర్‌తోనే కాల్చడానికి పట్టే బలం, గేజు మీద ఎనిమిది పౌండ్లు చూపించింది. తేలికే. హ్యామర్ దెబ్బ కూడా అంతే తేలిక, అందుకే ప్రైమర్ (గుండు అడుగున దెబ్బకు అంటుకునే మందు బిళ్ల) పగలట్లేదు. ఆరేళ్లుగా పాపం అతను గుండ్ల కంపెనీలు మారుస్తూ వచ్చాడు.

హ్యామర్ బ్లాక్, స్ట్రెయిన్ స్క్రూ, ఒక జత మరలు ఆర్డరు చేశాను.

ఫిబ్రవరి 18

సామాను రాలేదు. తుప్పు పని.

నూనె రాసి రాత్రంతా వదిలేశాను. పొద్దున నాలుగు సున్నాల ఉక్కు పీచుతో, నూనె తడిలోనే, పసిపిల్ల బుగ్గ తుడిచినట్టు రుద్దాను. గోధుమరంగు నూనెలో కలిసి వచ్చేస్తుంది, నీలం ఉండిపోతుంది. కొన్నిచోట్ల తుప్పు కింద చిన్న గుంటలు పడ్డాయి. అవి పోవు. పిడి చెక్కల కింద దాగిపోయేచోటే కాబట్టి ఊరుకున్నాను.

సిలిండర్ గదుల్లో .38 గుండ్లు వదిలిన మసి వలయాలు. .357 గొట్టం .38 కన్నా అంగుళంలో ఎనిమిదో వంతుకు పైగా పొడుగు. పొట్టివి ఏళ్ల తరబడి కాలిస్తే వాటి మూతి దగ్గర గట్టి పొర కడుతుంది, తర్వాత పొడుగువి దూరవు. కంచు బ్రష్షు, సాల్వెంటు, ఓపిక. గంటన్నర. గ్యారేజీలో వాసనకు మావాడు ముక్కు మూసుకుని పారిపోయాడు.

మార్చి 2

సామాను వచ్చింది. హ్యామర్ బ్లాక్ పెట్టాను. దాని కింది కన్ను రీబౌండ్ స్లయిడ్ మీది పిన్నుకు తగిలించాలి, పై భాగం ప్లేటు లోపలి గాడిలోకి సరిగ్గా పోవాలి, అప్పుడే ప్లేటు దిగుతుంది. బలవంతంగా నొక్కకూడదు. మూడోసారికి దిగింది.

దానికి ముందు రీబౌండ్ స్ప్రింగు ఎగిరి బీరువా కిందికి పోయింది. ఈ పని చేసే ప్రతివాడికీ ఇది ఒకసారైనా జరుగుతుందట. మావాడు టార్చి పట్టుకుని బోర్లా పడుకుని వెతికాడు. దాంతోపాటు ఒక లెగో మనిషి, రెండేళ్ల కిందటి చెవి దుద్దు దొరికాయి. దుద్దు దొరికినందుకు ప్రాజెక్టుకు ఇంట్లో పరపతి పెరిగింది.

కొత్త స్ట్రెయిన్ స్క్రూ చివరిదాకా బిగించాను. లాగుడు పదకొండు పౌండ్ల దగ్గరికి వచ్చింది. బ్యారెల్ మీద పది సెంట్ల బిళ్ల నిలబెట్టాను. పడింది. పన్నెండేళ్ల కిందటి మొదటి వారంలాగే.

మార్చి 9

రేంజి. .38 స్పెషల్, యాభై. ఒక్కటి కూడా మొరాయించలేదు. పదిహేను గజాల దగ్గర నా గురి గురించి రాయను, రివాల్వర్ గురించి మాత్రమే ఈ డైరీ.

మార్చి 23

రెండు వారాలుగా నలుగుతున్న ప్రశ్న: మళ్లీ బ్లూయింగ్ చేయించాలా?

బ్లూయింగ్ పూత కాదు. ఉక్కు పైపొరను మరిగే లవణాల్లో ముంచి నల్లటి ఆక్సైడ్‌గా మార్చడం, ఒకరకంగా మంచి తుప్పు పట్టించడం. చేసేముందు పాతదంతా తీసి పాలిష్ చేయాలి. ఆ పాలిష్‌లోనే అసలు నష్టం. అంచులు గుండ్రబడతాయి, బ్యారెల్ మీద అక్షరాలు చదునవుతాయి, మరల చుట్టూ గుంతలు పడతాయి. ఇంట్లో దూదితో పూసే కోల్డ్ బ్లూ అయితే అట్లపెనం మీద మరకలా వేరే రంగులో కనపడుతుంది. కొత్తగా మెరిపించిన పాత తుపాకీని చూస్తే, జుట్టుకు మరీ నల్లరంగు వేసుకున్న పెళ్లిళ్ల పేరయ్య గుర్తొస్తాడు నాకు. వద్దు. హోల్‌స్టర్ గీతలు ఉంటాయి. బ్యారెల్ మూతి దగ్గర నీలం అరిగి వెండిలా తేలినచోటు ఉంటుంది. రబ్బరు కింద పడ్డ గుంటలూ ఉంటాయి. మరలు మాత్రం మార్చాను, నలిగిన గాడి చూస్తే పళ్లు పులుస్తాయి.

పిడి చెక్కలు వెతగ్గా వెతగ్గా అదే కాలానివి దొరికాయి. గొంకాలో ఆల్వెస్ అనే దక్షిణ అమెరికా చెక్క, తేనెరంగు మీద నల్లటి చారలు. మర చుట్టూ వజ్రం ఆకారం ఉండే రకం 1960ల చివర్లో ఆగిపోయింది. పెద్దాయనవాటికి వజ్రం లేదని నాకు బాగా గుర్తు. అవి లేనివే కొన్నాను. 110 డాలర్లు. దీంతో వెయ్యి దాటింది. చెవి దుద్దు ఖాతాలో సర్దుబాటైంది.

బిగించి చూశాను. అచ్చం అలాగే ఉంది. ఎడమ కింది మూల నున్నగా ఉంది. వేలికి అలవాటైన పెచ్చు అక్కడ లేదు. ఒక క్షణం, చిన్న ఆకురాయి తీసుకుని... ఛీ, పెట్టె మూసేశాను.

ఏప్రిల్ 8, అమావాస్య, సంపూర్ణ సూర్యగ్రహణం

ఊరంతా ఆకాశం చూస్తోంది. మిట్టమధ్యాహ్నం చీకటి పడింది, వీధిలైట్లు వెలిగాయి, పక్షులు చెట్లెక్కాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు తెచ్చావా అని అడగడానికి అమ్మ ఫోన్ చేసింది, పనిలో పనిగా "గ్రహణం పూట ఆ ఇనుము ముట్టుకోకు" అంది. ముట్టుకోలేదు. పోస్టు మాత్రం తీశాను.

స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్‌వాళ్లకు సీరియల్ నంబరు రాసి, ఫీజు కట్టి పంపితే, పాత రికార్డుల్లో వెతికి ఆ తుపాకీ ఫ్యాక్టరీ గేటు దాటిన తేదీ రాసి ఉత్తరం పంపుతారు. వచ్చింది. నవంబరు 1971.

1966 కాదు. మొదటి జీతమూ కాదు. అయిదేళ్లు తేడా. మనిషి అబద్ధం చెప్పాడనుకోను. సైన్యం, ఉద్యోగం, రివాల్వర్, ఈ మూడూ ఆయన తలలో ఒకే ఏడాదిలోకి జరిగిపోయి ఉంటాయి. మా నాన్న కూడా సైకిల్ కొన్న ఏడాదీ, చిన్నత్త పెళ్లి ఏడాదీ ఒకటే అంటాడు, కాదని లెక్కతో సహా చూపించినా సరే.

ఏప్రిల్ 13

కూతురు వచ్చింది. యాభై అయిదు పైనే ఉంటాయి, నడక అచ్చం పెద్దాయనదే. రేంజిలో పెట్టె తెరిచి, సిలిండర్ బయటికి తీసి, ఖాళీ అని చూపించి చేతికిచ్చాను. ఆవిడ కూడా ఆరు గదుల్లోనూ వేలు పెట్టి చూసుకుంది. తర్వాత ఎడమచేతిలోకి తీసుకుని బొటనవేలితో పిడి కింది మూల తడిమింది. మళ్లీ తడిమింది. తిప్పి చూసింది.

"ఈ చెక్కలు నాన్నవి కావు."

చెప్పేశాను. గ్లాక్, 2018, టల్సా, అన్నీ. గ్యారేజ్ సేల్ రోజున తన దగ్గర అబద్ధమాడానని కూడా. హ్యామర్ బ్లాక్ దగ్గరికొచ్చేసరికి ఎందుకో వివరాలెక్కువ చెప్తున్నాననిపించి ఆగాను. ఉత్తరం జేబులోనే ఉంది, తీయలేదు.

"నాన్న నీకు ఎంతకిచ్చాడు?"

"350."

"నువ్వెంతకమ్మావు?"

"550."

"లాభానికే అమ్మావన్నమాట" అంది. నవ్వుతోందా లేదా అనేది కళ్లద్దాల వెనక కనపడలేదు. .38 గుండ్లు ఆరు ఒక్కొక్కటే వేసుకుని, సిలిండర్ విదిలించకుండా బొటనవేలితో నెమ్మదిగా మూసింది. డబుల్ యాక్షన్‌లో ఆరూ కాల్చింది, తొందర లేకుండా. పది గజాల దగ్గర అయిదు గుండ్లు నా అరచేతిలో పట్టేంత మేర, ఆరోది కాస్త ఎడమకు.

"ట్రిగ్గర్ ఇలాగే ఉండేది" అంది, మళ్లీ గుండ్ల డబ్బా తన వైపు లాక్కుంటూ.

సాయంత్రం శుభ్రం చేసి, నూనె గుడ్డతో తుడిచి పెట్టాను. మొత్తం 94 గుండ్లు, మొరాయించినవి సున్నా. వెనక సైటు కుడికి రెండు క్లిక్కులు జరపాలి.